డాక్టరు గదిలోకి వెళ్లే ముందు

ఈ ధర్మనిధి ఉపన్యాసం అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వైద్యురాలు డాక్టర్ వి. శాంత స్మృతికి అంకితం. ఆ సంస్థ కథ ఆమె కంటే ముందే మొదలైంది.

1923లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి సోదరి క్యాన్సర్‌తో చనిపోయారు. ముత్తులక్ష్మి 1912లోనే మద్రాసు వైద్య కళాశాలలో పట్టా అందుకున్న వైద్యురాలు. భర్త సుందర రెడ్డి కూడా డాక్టరే. ఇంట్లో ఇద్దరు డాక్టర్లున్నా ఆ రోజుల్లో చెయ్యగలిగింది చాలా తక్కువ. ఆ దుఃఖంలోంచే ఒక ఆసుపత్రి కట్టాలన్న పట్టుదల పుట్టింది. 1954లో మద్రాసు అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మరుసటి ఏడాది అక్కడ చేరిన డాక్టర్ శాంత 2021 జనవరిలో కన్నుమూసే దాకా ఆ సంస్థకే అంకితమయ్యారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి రైలెక్కి అడయారుకు వెళ్లి చికిత్స చేయించుకున్న తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తున్న ఎం.ఎన్.జె. ఆసుపత్రి వయసు కూడా దాదాపు అంతే. అది 1955 నాటిది.

1923లో రోగి కుటుంబానికి డాక్టరును అడగడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆపరేషన్ చెయ్యగలరా లేదా అన్నదానితో సంభాషణ దాదాపు ముగిసిపోయేది. ఇవాళ ఆపరేషన్ ఉంది, రేడియేషన్ ఉంది, కీమో ఉంది, హార్మోన్ మాత్రలున్నాయి, ఒక్కో కణితి లక్షణాన్ని బట్టి పనిచేసే టార్గెటెడ్ మందులున్నాయి, ఇమ్యునోథెరపీ ఉంది. ఏది ముందు, ఏది వెనుక, ఏది అసలు అక్కర్లేదు అన్నవి తేల్చుకోవాలి. వైద్యం పెరిగిన కొద్దీ ఇంటివాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాలూ పెరిగాయి. 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బయటపడిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వాళ్లలో చాలామంది ఎవరికో ఒకరికి అమ్మ, లేదా నాన్న. కాబట్టి ఈ ఉపన్యాసం ఆ బిడ్డల పని గురించి. రిపోర్టు వచ్చాక, డాక్టరు గదిలోకి వెళ్లే ముందు వాళ్లు కూర్చుని రాసుకోవాల్సిన ప్రశ్నల గురించి.

చెవిన పడేదెంత, మిగిలేదెంత

ఏ పెద్దాసుపత్రి ఓపీ హాల్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. బెంచీ మీద డెబ్బై ఏళ్ల తండ్రి. ఆయన ఒళ్లో ప్లాస్టిక్ కవరు. అందులో సీటీ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, ఊళ్లో డాక్టరు రాసిన చీటీ, మడతలు పడిన ఆధార్ జిరాక్సు. పక్కన కూతురు. కొడుకు డాలస్ నుంచి వాట్సాప్ కాల్‌లో ఉన్నాడు. బావమరిది ఆరోగ్యశ్రీ కౌంటరులో ఆరోగ్యమిత్ర దగ్గర వరసలో నిలబడ్డాడు. పేరు పిలవగానే నలుగురూ ఒక్కసారిగా లేస్తారు. లోపల డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తూ మాట్లాడుతుంటే తండ్రి తల ఊపుతుంటాడు. బయటికి వచ్చాక ‘ఏమన్నారు?’ అని ఒకరినొకరు అడుగుతారు. కూతురికి గుర్తున్నది ఒకటి, బావమరిదికి గుర్తున్నది మరొకటి. ఫోన్‌లో ఉన్న కొడుక్కి సగం మాటలు వినపడనే లేదు.

ఇది ఆ కుటుంబం తెలివితక్కువతనం కాదు. డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు అప్పటికప్పుడే మరిచిపోతారని నెదర్లాండ్స్ మనస్తత్వ శాస్త్రవేత్త రాయ్ కెసెల్స్ 2003లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి రాశారు. ఎంత ఎక్కువ చెబితే అంత ఎక్కువ పోతుంది. గుర్తుంచుకున్నామనుకున్న దాంట్లో కూడా సుమారు సగం తప్పుగానే గుర్తుంటుంది. ‘క్యాన్సర్’ అన్న మాట విన్నవాడి మనసు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. తరువాత వచ్చే స్టేజీ, గ్రేడు, కీమో సైకిళ్లు, తేదీలు అన్నీ పక్కనుంచి వెళ్లిపోతాయి.

అందుకే కాగితం కావాలి. ప్రశ్నలు రాసుకెళ్లే పద్ధతి మీద ఎక్కువ పని జరిగింది ఆస్ట్రేలియాలో. 2001లో రిచర్డ్ బ్రౌన్, ఫిలిస్ బుటో బృందం 318 మంది క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం ఇందులో ముఖ్యమైనది. తొమ్మిది మంది క్యాన్సర్ డాక్టర్లు పాల్గొన్నారు. కొందరు రోగులకు ముందుగానే ప్రశ్నల పత్రం ఇచ్చారు. అలా ఇచ్చినవాళ్లలో కొందరి విషయంలో డాక్టరు ఆ పత్రాన్ని స్వయంగా ప్రస్తావించి ‘మీరు ఎంచుకొచ్చిన ప్రశ్నలు చూద్దాం’ అన్నట్టు చేతిలోకి తీసుకున్నారు. మిగిలినవాళ్ల విషయంలో పట్టించుకోలేదు. పత్రం అందుకున్నవాళ్లు జబ్బు ముందుముందు ఎలా ఉంటుందన్న ప్రశ్న ఎక్కువగా అడిగారు. మామూలుగా నోరు దాటి రాని ప్రశ్న అది. అసలు విశేషం ఇంకొకటి. డాక్టరు పత్రాన్ని పట్టించుకోని చోట మాటలు సాగదీసినట్టయి సమయం పెరిగింది. పట్టించుకున్న చోట సమయం తగ్గింది, రోగి ఆందోళన తగ్గింది, చెప్పింది ఎక్కువ గుర్తుంది.

మన కుటుంబాలకు ఇందులో ఒక ఉపాయం ఉంది. కాగితం జేబులో దాచుకుని మధ్యమధ్యలో చూసుకుంటూ అడిగేకంటే గదిలోకి వెళ్లగానే చెప్పేయడం మేలు: ‘డాక్టరుగారూ, మూడు ప్రశ్నలు రాసుకొచ్చాం. ఎప్పుడు అడగమంటారు?’ ఆ మాటతో డాక్టరుకు ఎంతసేపు పడుతుందో అంచనా వస్తుంది. ఇంట్లో ఇరవై రాసుకున్నా ఫర్వాలేదు. వాటిలో ఆ రోజు తేలక తప్పనివి మూడు ఏరి పైన పెట్టుకోవాలి. మిగిలినవాటిలో సగం నర్సు చెప్పగలదు, కొన్ని ఆరోగ్యమిత్ర చెప్పగలడు, కొన్ని వచ్చేసారికి ఆగగలవు.

ముందు అడగాల్సింది ఇంట్లోవాళ్లను

చిట్టా రాసే ముందు ఒక పని ఉంది. జబ్బు ఎవరిదో ఆ మనిషిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఈ ఉపన్యాసంలో చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. మన ఇళ్లలో ఎక్కువగా దాటిపోయేదీ ఇదే.

మన దగ్గర జరిగేది వేరు. పిల్లలు ఒక అడుగు ముందుగా లోపలికి వెళ్లి, ‘నాన్నగారికి చెప్పకండి సార్, తట్టుకోలేరు. గడ్డ అని చెప్పాం’ అంటారు. అమ్మకైతే పుండు అంటారు, ఇన్ఫెక్షన్ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ అదే తండ్రి మర్నాడు ‘క్యాన్సర్’ అన్న అక్షరాలు రాసి ఉన్న భవనంలోకి నడుస్తాడు. పక్క బెంచీలో కూర్చున్నవాళ్లతో మాట్లాడతాడు, అన్నీ తెలుసుకుంటాడు. తెలిసినట్టు పిల్లలకు తెలియకూడదని ఆయన, ఆయనకు తెలియకూడదని వాళ్లు నటిస్తుంటారు. భయం గురించి మాట్లాడుకోవాల్సిన మనుషుల మధ్యే మాట ఆగిపోతుంది.

చట్టం ఈ విషయంలో ఒక గీత గీసింది. ఢిల్లీలో ఒక మహిళకు జబ్బు కారణం తెలుసుకోవడానికి కడుపులో చేసే పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు ఇచ్చింది. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు ఇచ్చినట్టు కాదంది. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, తెలివి వచ్చాక తానే చెప్పగలిగిన వయోజనురాలి తరఫున తల్లి సంతకం చెల్లదంది. తల్లి తరఫున కొడుకు పెట్టే సంతకం గురించి ఆలోచించేటప్పుడూ ఆ తీర్పు గుర్తుండాలి.

అలాగని ప్రతి తండ్రికీ అన్నీ చెప్పి తీరాలని కాదు. ‘నాకు వివరాలొద్దు, అబ్బాయితో మాట్లాడండి’ అనే హక్కు కూడా ఆయనదే. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, అంతే. ‘అమ్మా, డాక్టరుగారు చెప్పేవన్నీ నువ్వే వింటావా, మమ్మల్ని విని చెప్పమంటావా?’ అని అడగడానికి పెద్ద తర్ఫీదేమీ అక్కర్లేదు. ఆ జవాబుతోనే చిట్టా రూపం మారిపోతుంది.

ఇలా ముందే అడిగినందువల్ల ఏమైందో చెప్పే నిజమైన ఉదంతం ఒకటుంది. అమెరికాలో బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం నేర్పే సుసాన్ బ్లాక్ తండ్రి జాక్ బ్లాక్, బర్క్‌లీలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. ఆయనకు 74 ఏళ్ల వయసులో మెడ దగ్గర వెన్నుపాములో గడ్డ కనిపించింది. తీస్తే కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం నూటికి ఇరవై. తీయకపోతే పడిపోవడం ఖాయం. ఆపరేషన్ ముందు రోజు రాత్రి కూతురు తండ్రిని అడిగింది: బతకడానికి ఎంతవరకు భరిస్తారు, ఏ స్థితి వస్తే వద్దంటారు? జవాబు ఆమెనే ఆశ్చర్యపరిచింది. చాక్లెట్ ఐస్‌క్రీం తింటూ టీవీలో ఫుట్‌బాల్ చూడగలిగితే చాలు, ఎంత నొప్పైనా ఓర్చుకుంటానన్నాడాయన. జీవితమంతా పుస్తకాల్లో బతికిన ప్రొఫెసర్ అలా అంటాడని ఆమె ఊహించలేదు. ఆపరేషన్ తరువాత వెన్నులో రక్తస్రావమైంది. మళ్లీ లోపలికి తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆమె నిమిషాల్లో తేల్చాలి. ఆమె సర్జన్లను అడిగిన ప్రశ్న ఒక్కటే: బతికితే ఆయన ఐస్‌క్రీం తినగలరా, ఆట చూడగలరా? చూడగలరన్నారు. చెయ్యమంది. జాక్ బ్లాక్ ఆ తరువాత పదేళ్లు బతికాడు, పుస్తకాలు కూడా రాశాడు. సర్జన్ అతుల్ గవాండే ఈ ఉదంతాన్ని తన ‘బీయింగ్ మోర్టల్’ పుస్తకంలో చెప్పారు.

మన ఇళ్లలో ఆ జవాబు వేరుగా ఉంటుంది. ఒకరికి తెల్లవారుజామున పొలం గట్టు మీద నడవడం. ఒకరికి తన వంట తను చేసుకుని పూజ గదిలో కూర్చోవడం. ఒకరికి మనవరాలి పెళ్లి కళ్లారా చూడడం. అది తెలిసిన బిడ్డ డాక్టరును వేరే ప్రశ్న అడుగుతుంది. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం నేసే తండ్రికి పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ లాంటి మందులు రాస్తే వేళ్లు తిమ్మిరెక్కే అవకాశం ఎంత, అది తగ్గుతుందా, మోతాదు మార్చవచ్చా అని అడగాలి. ‘సైడ్ ఎఫెక్టులుంటాయా?’ అని అడిగితే ‘ఉంటాయి’ అన్న జవాబే వస్తుంది. ‘మా నాన్న మళ్లీ పోగు పట్టుకోగలడా?’ అంటే డాక్టరు ఆగి ఆలోచిస్తాడు. శ్రీకాకుళం, విశాఖ తీరపల్లెల్లో అడ్డపొగ (నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం) అలవాటున్న తల్లికి అంగిట్లో క్యాన్సర్ వస్తే, ఆపరేషన్ తరువాత అన్నం మింగగలదా, మాట అర్థమవుతుందా, రేడియేషన్‌కు ముందు పళ్ల డాక్టరుకు చూపించాలా అన్నవి మొదటి వరసలో ఉండాలి.

కాగితం మీద ఉండాల్సినవి

ఇప్పుడు చిట్టాలోకి వద్దాం. మొదటిది జబ్బు పేరు. ‘క్యాన్సర్’ అన్నది పూర్తి పేరు కాదు. ఎక్కడ పుట్టింది, ఏ రకం కణం, ఏ స్టేజీ, ఆ స్టేజీ దేన్ని బట్టి చెప్పారు, ఇంకా ఏ పరీక్ష మిగిలింది? ముక్క తీసి పరీక్షకు పంపాలంటే మన దగ్గర చాలామంది వెనకాడతారు, కత్తి తగిలితే పాకుతుందని భయం. ఆ భయం పెట్టుకుని మౌనంగా వెనక్కి వెళ్లిపోవడం కంటే డాక్టరునే సూటిగా అడగడం మేలు. సరైన పద్ధతిలో చేసే బయాప్సీ వల్ల జబ్బు పాకడం చాలా అరుదు. ఆ ముక్క ఏం చెబుతుందో తెలియకుండా చాలా క్యాన్సర్లలో చికిత్స మొదలుపెట్టడమే కుదరదు.

ఒక రిపోర్టును దగ్గరగా చూద్దాం. రొమ్ము క్యాన్సర్ ఉన్న తల్లి రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పేర్లుంటాయి. మొదటి రెండింటిలో ఏ ఒక్కటి పాజిటివ్ అయినా హార్మోన్ మాత్రలు పనికొస్తాయి. హెర్2 దగ్గర 3+ ఉంటే ట్రాస్టుజుమాబ్ లాంటి మందు గురించి మాట్లాడతారు. 0 లేదా 1+ ఉంటే ఆ మందు ప్రసక్తి సాధారణంగా రాదు. 2+ అని ఉంటే విషయం తేలలేదన్నమాట. ఫిష్ అనే మరో పరీక్ష చెయ్యాలి. ఆ 2+ చూసిన కూతురు ‘ఫిష్ పరీక్షకు పంపారా?’ అని అడిగితే ఒక వారం మిగలవచ్చు. ట్రాస్టుజుమాబ్ ఒకప్పుడు మామూలు కుటుంబాలకు అందని ధరలో ఉండేది. 2014లో బెంగళూరు సంస్థ బయోకాన్ దాన్ని పోలిన బయోసిమిలర్ మందును మన మార్కెట్లోకి తెచ్చాక దారి కొంత తెరుచుకుంది. కాబట్టి ‘బయోసిమిలర్ ఉందా?’ అన్నది కూడా అడగదగిన ప్రశ్నే. ఆ మందు గుండె మీద ప్రభావం చూపవచ్చు గనుక ‘ఎకో ఎప్పుడెప్పుడు తీయాలి?’ అన్నది దాని వెంటే రావాలి.

రెండోది చికిత్స ఉద్దేశం. ఇది జబ్బు నయం చేయడానికా, కొన్నాళ్లు అదుపులో పెట్టడానికా, బాధ తగ్గించడానికా? అడగడానికి గొంతు పెగలదు. అడగకపోతే ఏమవుతుందో 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన అధ్యయనం చూపించింది. అమెరికాలో నాలుగో స్టేజీ ఊపిరితిత్తుల, పెద్దపేగు క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 1193 మందిని అడిగితే, ఆ కీమో తమ జబ్బును నయం చెయ్యదని అర్థమైనట్టు చెప్పనివాళ్లు ఊపిరితిత్తుల రోగుల్లో 69 శాతం, పెద్దపేగు రోగుల్లో 81 శాతం. ఇల్లు తాకట్టు పెట్టాలా, పొలం అమ్మాలా అని ఆలోచిస్తున్న కుటుంబానికి ఈ ఒక్క జవాబు స్పష్టంగా తెలియాలి.

మూడోది లాభం ఎంత అన్నది. ‘ఈ మందు తిరగబెట్టే ప్రమాదాన్ని సగానికి తగ్గిస్తుంది’ అంటే గొప్పగా వినిపిస్తుంది. నూరు మందిలో నలభై మందికి తిరగబెట్టేది ఇరవైకి తగ్గినా సగమే, నలుగురికి తిరగబెట్టేది ఇద్దరికి తగ్గినా సగమే. అందుకే ‘నాన్నలాంటి వాళ్లు నూరు మందిని తీసుకుంటే మందు వేస్తే ఎంతమందికి తిరగబెడుతుంది, వెయ్యకపోతే ఎంతమందికి?’ అని అడగాలి. వయసు మీద పడిన వాళ్ల విషయంలో ‘ఏమీ చెయ్యకుండా కొన్నాళ్లు గమనిస్తే ఏమవుతుంది?’ అన్నది కూడా తప్పు ప్రశ్న కాదు. కొన్ని ప్రొస్టేట్ క్యాన్సర్లలో డాక్టర్లే ఆ మాట ముందుగా అంటారు.

అడగడంతో పాటు డాక్టరుకు చెప్పాల్సినవీ ఉన్నాయి. నాన్నకు షుగరుందా, బీపీ ఉందా, కిడ్నీ ఎలా ఉంది, గుండెకు స్టెంటు వేశారా? వాడుతున్న ప్రతి మాత్ర పేరూ ఒక కాగితం మీద ఉండాలి. ఆయుర్వేదం, హోమియో, ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు కూడా. దాచకూడదు. సిస్‌ప్లాటిన్ లాంటి మందు కిడ్నీలను, వినికిడిని దెబ్బతీయవచ్చు. ముందే తెలిస్తే డాక్టరు మరో దారి చూస్తాడు.

ఖర్చు గురించి సిగ్గుపడనవసరం లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. అయితే రాసిన ప్రతి మందూ, ప్రతి స్కానూ ప్యాకేజీలో ఉండకపోవచ్చు. ‘ఇందులో ఏది పథకంలో వస్తుంది, ముందస్తు అనుమతికి ఎన్నాళ్లు, చేతి నుంచి ఎంత పడుతుంది?’ అన్నది మొదటి సైకిల్‌కు ముందే తేలాలి.

మరో డాక్టరు అభిప్రాయం తీసుకుంటామంటే ఈయన నొచ్చుకుంటారేమోనని సంకోచిస్తారు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం హక్కుగానే ఉంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. రిపోర్టు కాగితాలొక్కటే సరిపోవు. బయాప్సీ స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు కూడా అడిగి తీసుకోవాలి, ఎందుకంటే రెండోచోట మళ్లీ వాటినే చూస్తారు. ముంబయి టాటా మెమోరియల్ దాకా వెళ్లలేని ఉత్తరాంధ్ర కుటుంబాలకు విశాఖ అగనంపూడిలో అదే సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇంకొకటి, చాలామంది చివరికి వదిలేసేది. ‘పాలియేటివ్ డాక్టరును ఎప్పుడు కలవాలి?’ ఆ మాట వింటే ఆశ వదులుకున్నట్టేనని భయపడతారు. 2010లో బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసిన అధ్యయనంలో మొదటి నుంచీ పాలియేటివ్ వైద్యం కూడా అందినవాళ్ల జీవితం మెరుగ్గా సాగింది, మధ్యస్థంగా చూస్తే ఆయుష్షూ ఎక్కువే ఉంది: 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. నొప్పికి మార్ఫిన్ మాత్ర నోటితో ఇవ్వడం, వాంతులు ఆపడం, నిద్ర పట్టేలా చూడడం ఈ వైద్యుల పని. వాళ్లను చికిత్సతో పాటే కలవవచ్చు.

గదిలోంచి బయటికి వచ్చే ముందు చివరి ప్రశ్న: ‘అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?’ కీమో ఇచ్చిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం మామూలు జ్వరం కాదు, గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. ‘జ్వరమేగా’ అని పారాసిటమాల్ వేసి తెల్లవారే దాకా ఆగకూడదు. థర్మామీటరు కొనాలి. ఆసుపత్రి రాత్రి నంబరు ఫ్రిజ్ మీద అంటించాలి.

సభకు ఒక కోరిక

గదిలో ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. రికార్డు చేసుకోవాలంటే ముందు డాక్టరును అడగాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు తమ ప్రశ్నలు ముందు రోజే ఇంట్లో ఉన్నవాళ్లకు పంపాలి. బయటికి వచ్చాక తల్లికో తండ్రికో విషయం చెప్పే పని ఎవరిదో ముందే అనుకోవాలి. ఇవి కుటుంబాలు చేసుకోగలవి.

ఆసుపత్రులు చేయాల్సింది కూడా ఒకటుంది. ఆస్ట్రేలియా అధ్యయనంలో కాగితం ఒక్కటే పూర్తి ఫలితం ఇవ్వలేదు. డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడే ఇచ్చింది. తెలుగులో పెద్దక్షరాలతో అచ్చేసిన ఒక పేజీ చాలు: జబ్బు పేరు, స్టేజీ, చికిత్స ఉద్దేశం, నూరు మందిలో మేలు ఎంతమందికి, రోజువారీ పనుల మీద ప్రభావం, ఖర్చు, రెండో అభిప్రాయం, రాత్రి నంబరు. అట్టడుగున రోగి సొంత ప్రశ్నకు నాలుగు ఖాళీ గీతలు. ఓపీ చీటీతో పాటే ఇవ్వవచ్చు. చదువు రానివాళ్లకు నర్సో, స్వచ్ఛంద సేవకులో చదివి వినిపించి, వాళ్లు చెప్పింది రాసిపెట్టవచ్చు. ఈ సభలో క్యాన్సర్ వైద్యులున్నారు, ఆసుపత్రుల నిర్వాహకులున్నారు, ఈ ధర్మనిధిని నడిపిస్తున్న పెద్దలున్నారు. ఆ పేజీ అచ్చు వెయ్యడానికి ఈ నిధి నుంచి ఎంతో అక్కర్లేదు. వైద్యులు చెయ్యాల్సింది, రోగి కూర్చోగానే ‘కాగితం ఏదీ, మీరేం రాసుకొచ్చారో చూద్దాం’ అనడం. వచ్చే ఏడాది ఇదే సభలో, ఏదైనా ఒక ఓపీలో అది ఎలా నడిచిందో ఎవరైనా లెక్కలతో వచ్చి చెప్పగలిగితే బాగుంటుంది.